రెండు లైన్ల సీఎస్ఎస్‌కి చైల్డ్ థీమ్ దేనికి?

వర్డ్‌ప్రెస్‌లో సొంత సైటు నడుపుకునేవాళ్లకి ఎవరో ఒకరు తప్పకుండా ఇచ్చే సలహా ఒకటుంది: "చైల్డ్ థీమ్ లేకుండా సీఎస్ఎస్ జోలికి పోవద్దు, అప్‌డేట్ రాగానే అంతా పోతుంది. రాసింది పనిచేయకపోతే చివర ఇంపార్టెంట్ తగిలించండి. తెలుగు వత్తులు తెగిపోతుంటే ఫాంటు మార్చండి." సీఎస్ఎస్ అంటే సైటు రంగులు, సైజులు, ఖాళీలు చెప్పే కోడ్. థీమ్ సైటుకి రూపాన్నిచ్చే ఫైళ్ల కట్ట, చైల్డ్ థీమ్ దాని మీద ఆధారపడి మన మార్పుల్ని విడిగా దాచుకునే ఫోల్డర్. ఇంపార్టెంట్ (!important) అంటే ఈ రూలే మిగతావాటిని మించాలని చెప్పే ముద్ర. ఆ సలహాలో మొదటి మాట సగం నిజం. మిగతా రెండూ జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసే రకం.

అప్‌డేట్‌కి పోయేది థీమ్ ఫోల్డర్‌లోని ఫైళ్లలో చేసిన మార్పు. థీమ్ ఫైల్ ఎడిటర్ తెరిచి స్టైల్ ఫైల్లోనే రాస్తే కొత్త వెర్షన్ దాన్ని తుడిచేస్తుంది, నిజమే. కానీ 2016 డిసెంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.7 వెర్షన్ నుంచీ కస్టమైజర్‌లో (సైటు రూపం మార్చుకునే స్క్రీన్) అడిషనల్ సీఎస్ఎస్ అని విడిగా ఒక పెట్టె ఉంది. పేజీ మొత్తాన్నీ బ్లాకులతోనే కట్టే బ్లాక్ థీమ్‌లలో అది సైట్ ఎడిటర్‌లో స్టైల్స్ దగ్గర దొరుకుతుంది. అక్కడ రాసింది డేటాబేస్‌లో ఉంటుంది కాబట్టి థీమ్ అప్‌డేట్ దాన్ని ముట్టుకోదు. థీమే మార్చేస్తే మాత్రం కొత్తదానికి ఇది రాదు, ముందే కాపీ చేసి పెట్టుకోవాలి. పేజీ నిర్మాణాన్ని రాసిన పీహెచ్‌పీ టెంప్లేట్‌లో చెయ్యి పెట్టాలంటే చైల్డ్ థీమ్ కావాల్సిందే. బటన్ రంగు మార్చడానికి అంత హడావుడి అక్కర్లేదు.

ఇక ఇంపార్టెంట్ సంగతి. సైటు పేరు రంగు మారాలని సైట్-టైటిల్ క్లాస్‌కి (ఆ పేరున్న డబ్బాకి థీమ్ పెట్టిన గుర్తు) ఎరుపు రాశారు, మారలేదు. ఇంపార్టెంట్ తగిలించినా మారదు! ఎందుకంటే ఆ పేరు లోపల ఒక లింకు ఉంది, థీమ్ ఆ లింకుకే నేరుగా రంగు ఇచ్చింది. పైనున్న డబ్బా నుంచి వారసత్వంగా దిగే రంగు, నేరుగా ఇచ్చిన రంగు ముందు నిలవదు. పేరు మీద రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ తెరిస్తే ఏ రూల్ నెగ్గిందో, ఏది కొట్టివేతకి గురైందో కళ్ల ముందే కనిపిస్తుంది. నెగ్గిన రూల్ సెలెక్టర్‌ని (రూల్ దేనికి వర్తించాలో చెప్పే మొదటి భాగం) అలాగే కాపీ చేసి, రంగు మాత్రం మార్చి మన పెట్టెలో పెడితే మామూలుగా సరిపోతుంది. రెండింటి బలం సమానమైతే తర్వాత వచ్చినదే గెలుస్తుంది, మన పెట్టెలోది సాధారణంగా థీమ్ ఫైలు తర్వాతే లోడవుతుంది. అప్పటికీ మారకపోతే కాష్ (దాచి ఉంచిన పాత కాపీ) ఖాళీ చేసి చూడండి. ప్రతిదానికీ ఇంపార్టెంట్ కొట్టుకుంటూ పోతే తర్వాత మీ రూల్‌ని మీరే దాటలేక టెన్షన్ పడతారు.

వత్తుల దగ్గర ఫాంటుని తిట్టడం మరీ అన్యాయం. చాలా థీమ్‌లు ఇంగ్లిష్ అక్షరాల్ని దృష్టిలో పెట్టుకుని శీర్షికలకి లైన్-హైట్ (అక్షరం సైజుకి ఎన్ని రెట్లు ఒక్కో లైను ఎత్తు ఉండాలన్నది) 1.1, 1.2 ఇస్తాయి. "రాష్ట్రం" అని రాసి చూడండి, ష కింద ట, ర రెండూ దిగాలి. "స్త్రీ"లో కింద వత్తులు, పైన గుడిదీర్ఘం. అంత ఇరుకులో రెండు లైన్ల శీర్షిక పడితే పై లైను వత్తులు కింది లైను నెత్తినెక్కుతాయి. డబ్బా దాటిందాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టిన కార్డుల్లోనైతే తెగిపోతాయి కూడా. పైగా థీమ్ చెప్పిన ఫాంటులో తెలుగు లేకపోతే బ్రౌజర్ చూసేవాళ్ల పరికరంలోని తెలుగు ఫాంటు తీసుకుంటుంది. విండోస్‌లో కనిపించిందే మాక్‌లోనూ కనిపిస్తుందనుకోవద్దు. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు అందం కోసం పెట్టుకోండి, కాదనను. ఇరుకు వదలాలంటే మాత్రం శీర్షికలకి లైన్-హైట్ 1.5 నుంచి 1.7 మధ్య ఇచ్చి చూడాలి. ఆ అంకె పక్కన పిక్సెల్ లాంటి కొలత రాయొద్దు, అప్పుడే లోపలి అక్షరాలు వాటి సైజుకి తగ్గట్టు చోటు తీసుకుంటాయి. థీమ్ శీర్షికలకి లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) మైనస్‌లో ఇచ్చి ఉంటే దాన్నీ సున్నా చేయండి.