ఆదివారం గ్రూప్ రన్ గారికి, చివర్లో వచ్చేవాడి విన్నపం

మహారాజశ్రీ గ్రూప్ రన్ గారి దివ్యసముఖమునకు,

మీ వెనకాల, బాగా వెనకాల పరిగెత్తేవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. కుశలం తమరికే, నాకు మోకాళ్లు వంగడం లేదు.

"రేపు గడియార స్తంభం దాకా తేలిక పరుగు. ఎవర్నీ వదిలిపెట్టం" అని నిన్న రాత్రి మెసేజ్ పెట్టారు. నమ్మాను. తేలిక పరుగంటే పక్కవాడితో మాట్లాడుతూ పోగలగాలి, నాకు తెలిసిన కొలత అదొక్కటే. తమరు మాట్లాడారు, కాదనను. ఇంటి లోను, మేనేజరు సంగతులు, కొత్త బూట్ల అడుగు మందం, అన్నీ విన్నాను, మొదటి రెండు వందల మీటర్లు. తర్వాత వినబడింది నా రొప్పే. "ఆగండి" అని అరవడానికి కూడా ఊపిరి మిగల్లేదు.

ఐదున్నరకు రమ్మని ఆరింటికి కదిలారు, పోనివ్వండి. 5 కిలోమీటర్లన్నది 5.8 తేలింది. 1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్ 26 మైళ్ల దగ్గర ఆగకుండా ఇంకో 385 గజాలు సాగిందంటే, అది రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ముగియాలి కాబట్టి. మన 800 మీటర్లు ఏ రాజుగారి కోసమండీ?

అవన్నీ సరే. తమరు ఆగి నాకోసం ఎదురుచూస్తారు చూడండి, అక్కడ మండుతుంది నాకు.

కిలోమీటరుకోసారి ఆగారు. తమరిది కిలోమీటరు ఐదున్నర నిమిషాల పరుగు, నాది ఏడున్నర. అంటే ప్రతిసారీ తమరికి రెండు నిమిషాల విశ్రాంతి. నడుం మీద చేతులేసుకుని, నీళ్లు తాగి, లేసులు బిగించుకుని, చెమట తుడుచుకుని తీరిగ్గా నిలబడ్డారు. నేను డొక్కలో పోటు పట్టుకుని, ముఖం కందిపోయి, ఈడ్చుకుంటూ చేరానో లేదో, "ఆఁ, వచ్చేశారు, ఇక పదండి!" అని కదిలిపోయారు. ఐదు కిలోమీటర్లకు తమరికి పది నిమిషాల విశ్రాంతి, నాకు సున్నా. అలసిపోనివాళ్లకు విశ్రాంతి, అలసినవాడికి చప్పట్లు! పైగా ఆ చప్పట్లొకటి. పడుతూ లేస్తూ నడక నేర్చుకుంటున్న పిల్లాడికి కొట్టినట్టు.

ఆగకపోయినా బావుండేది. నా దారిన నేను నెమ్మదిగా, పరువుగా వచ్చేవాణ్ణి.

ఇక గడియార స్తంభం. నేను చేరేసరికి తమరంతా మెట్ల మీద వరసగా నిలబడి, రెండు వేళ్లతో విజయ చిహ్నాలు కూడా పట్టేసి ఉన్నారు. నాకూ చోటుందేమో అని మెట్టెక్కబోతుంటే, "సమయానికి వచ్చారు, కాస్త ఫొటో తీసిపెట్టండి" అని చేతిలో ఫోను పెట్టారు. చేతులు వణుకుతుంటే మూడుసార్లు తీయించారు. ఇప్పుడే గ్రూపులో చూశాను. కింద రాసింది: "అందరం కలిసి పూర్తి చేశాం!"

ఎవరయ్యా అందరూ? ఆ మెట్ల మీద పడిన పొడుగాటి నీడ, అది నేను!

మానేస్తానని మాత్రం అనుకోవద్దు. వచ్చే ఆదివారం తమరికంటే ఒక గంట ముందు బయల్దేరతాను. ఆ మెట్ల మీద కూర్చుని, నీళ్లు తాగి, లేసులు బిగించుకుని ఉంటాను. తమరు రొప్పుతూ వచ్చి మోకాళ్ల మీద చేతులు ఆనించగానే లేచి, రెండు చప్పట్లు కొట్టి, "ఆఁ, వచ్చేశారు, ఇక పదండి!" అంటాను.

ఇట్లు,
ఫొటో తీసినవాడు