మాటు వేస్తేనే చిక్కుతుంది

2029 ఏప్రిల్ 13, శుక్రవారం. తెల్లవారితే అంబేద్కర్ జయంతి సెలవు. ఆ రాత్రి అమావాస్య. మన గడియారాల్లో తెల్లవారుజామున 3.16 ప్రాంతంలో, సుమారు 340 మీటర్ల అపోఫిస్ గ్రహశకలం భూమికి దాదాపు 32 వేల కిలోమీటర్ల ఎత్తున దాటిపోతుంది. మన టీవీ ఉపగ్రహాలు ఉండే ఎత్తు 36 వేలు. ఢీకొంటుందేమోనన్న భయాన్ని 2021 మార్చిలో నాసా వారి గోల్డ్‌స్టోన్ రాడార్ తీర్చేసింది. కనీసం వందేళ్లు ముప్పు లేదు. మా బెంగల్లా వేరు: నెల్లూరు, ప్రకాశం జిల్లాలు ఆ రాత్రిని ఫోన్లో వీడియోలు చూసి సరిపెట్టుకుంటాయేమోనని.

ఒక మాట ముందే చెప్పాలి. అతి దగ్గరికి వచ్చే వేళకు అది అట్లాంటిక్ మీద ఉంటుంది, మనకు అస్తమించి ఉంటుంది. మన వాటా అంతకుముందు గంటలే. చీకటి పడ్డాక దక్షిణం వైపు బైనాక్యులర్‌కు అందే చుక్కగా మొదలై, ప్రకాశం పెంచుకుంటూ పడమరకు దిగుతుంది. తోకచుక్కలా మెరుస్తుందన్న ప్రచారం నమ్మి పిల్లల్ని తోలుకుపోతే నిరాశే మిగులుతుంది.

ఇక పనిముట్టు కంటే పద్ధతి ముఖ్యం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫోన్ యాప్‌లోని పాత కక్ష్య వివరాలు పనికిరావు. ఇలాంటి యాప్‌లు చాలావరకు భూమి ఆకర్షణకు దారి వంగడాన్ని లెక్కలోకి తీసుకోవు. నాసా ప్రయోగశాల జేపీఎల్ ఆన్‌లైన్లో ఇచ్చే హొరైజన్స్ పట్టికే తీసుకోవాలి. అదీ భూకేంద్రం నుంచి లెక్కించింది కాదు, మనం నిలబడే చోటి అక్షాంశ రేఖాంశాలిచ్చి తీసింది. నెల్లూరుకైతే 14.44 ఉత్తరం, 79.99 తూర్పు. చంద్రుడంత దూరంలోనే ఈ రెండు లెక్కల తేడా దాదాపు ఒక డిగ్రీ, అంటే రెండు నిండు చంద్రుళ్ల వెడల్పు. అపోఫిస్ దగ్గరికొచ్చినప్పుడు తొమ్మిది డిగ్రీలు దాటొచ్చు. టెలిస్కోపు ఎటో చూస్తుంటుంది, రాయి ఇంకెటో పోతుంటుంది. పట్టికలో సమయం యూటీలో, అంటే గ్రీన్‌విచ్ సమయంలో ఉంటుంది. అయిదున్నర గంటలు కలపడం మరిచి తేదీ తప్పేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

వెంటపడొద్దు. మన పట్టపువాళ్లు చేప వచ్చే దారిలో వల పరిచి కూర్చున్నట్టే, పది నిమిషాల తర్వాత అది దాటబోయే నక్షత్రం మీద గురి పెట్టి ఆగాలి. ఆరంగుళాల డాబ్సోనియన్ రకం టెలిస్కోపుకు 25 లేదా 32 మిల్లీమీటర్ల కంటికటకం చాలు. ఎక్కువ పెద్దదిగా చూపేది పెడితే దృశ్యక్షేత్రం కుంచించుకుపోయి రాయి చేజారుతుంది. గురి చూసుకునే చిన్న దుర్భిణి, అంటే ఫైండర్‌ను పగలే దూరపు వాటర్ ట్యాంకు మీద సరిచేసుకోవాలి. సెకనో రెండు సెకన్లో అడ్డంగా దూసుకుపోయేది ఉపగ్రహం. గ్రహశకలం పాకుతుంది. అపోఫిస్ గరిష్ఠ వేగంలో మాత్రం గంటకు 42 డిగ్రీలు, అంటే ముక్కాలు నిమిషంలోపే నిండు చంద్రుడి వెడల్పంత.

ఫోటో తీసేవారికి లెక్క ఇంకో రకం. నిమిషానికి 30 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) కదిలే రాయి, పిక్సెల్‌కు రెండు ఆర్క్ సెకన్ల కెమెరా అనుకుంటే నాలుగు సెకన్లకు మించి షట్టర్ తెరిస్తే చుక్క గీతవుతుంది. గంటకు 42 డిగ్రీల వేగంలో గడియారం ఒక్క సెకను తప్పితే స్థానం 42 ఆర్క్ సెకన్లు తప్పుతుంది. ఆ కొలత చెత్తబుట్టకే. కెమెరా గడియారాన్ని నమ్మకుండా జీపీఎస్ సమయం చూపే తెరను ముందొకటి, చివరొకటి ఫోటో తీసుకోవాలి.

కొలత విలువ ఎంతో 2024 వైఆర్4 అనే గ్రహశకలం చూపింది. 2025 ఫిబ్రవరి 18న అది భూమిని ఢీకొనే అవకాశం 3.1 శాతమన్నారు, ముప్పు దారిలో దక్షిణాసియా కూడా ఉంది. కొత్త కొలతలు చేరాక వారంలోపే అది దాదాపు సున్నాకు దిగింది. 1988లో తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ నుంచి ఖగోళ శాస్త్రవేత్త రాజమోహన్ కనిపెట్టిన 4130 గ్రహశకలానికి రామానుజన్ పేరుంది. కావలూరు మనకేమంత దూరం కాదు.

చోటు విషయానికొస్తే, మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఉప్పుగాలి చెమ్మ కటకాలను కమ్మేస్తుంది, రొయ్యల చెరువుల లైట్లు ఆకాశాన్ని తెల్లగా చేస్తాయి. ఉదయగిరి కొండపాదం మేలు. ఆ ఒక్క రాత్రి అక్కడి వీధిదీపాలు ఆర్పడానికి, అటవీశాఖ అనుమతికి కలెక్టర్ ఇప్పుడే ఉత్తర్వు సిద్ధం చేయించాలి. చెరువుల లైట్లకు పైకప్పు తొడుగులు పెట్టించే పని మాత్రం ఒక్క రాత్రితో ఆగకూడదు.

విద్యాశాఖ బీరువాల్లో దుమ్ము పట్టిన టెలిస్కోపుల లెక్క తీయాలి. సాధన వెస్టా అనే పెద్ద గ్రహశకలంతో మొదలెట్టొచ్చు. అనుకూల స్థితిలో అది బైనాక్యులర్‌కే దొరుకుతుంది. మొదటి రాత్రి ఆ చుట్టుపక్కల చుక్కలన్నీ కాగితం మీద గీయించి, రెండో రాత్రి మళ్లీ చూపిస్తే, చోటు మారిన చుక్క ఏదో పిల్లలే చెబుతారు.