దారం సంగతి చెప్పి పంపండి

కళ్ల ముందు మెరుపులు కనిపించి మొదలయ్యే మైగ్రేన్ ఉన్నవారు, కాలి సిరల్లో ఒకసారి రక్తం గడ్డకట్టినవారు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు. ఏ జబ్బూ లేకపోయినా ఒంట్లోకి హార్మోన్లు వద్దనుకునేవారూ ఉంటారు. అది వాళ్ల ఇష్టం, సంజాయిషీ అడగనక్కర్లేదు. వీళ్లందరికీ దొరికే సలహా మాత్రం ఒక్కటే: ‘హార్మోన్ లేనిది ఏదైనా వాడుకోండి.’ చిక్కంతా ఆ ‘ఏదైనా’తోనే. గర్భాశయంలో పెట్టే కాపర్ టీ వేయించుకున్న వంద మందిలో మొదటి ఏడాది గర్భం వచ్చేది ఒక్కరికి లోపే. స్త్రీల కండోమ్‌నే నమ్ముకుంటే, మామూలు వాడకంలో 21 మందికి. రెండూ హార్మోన్ లేనివే.

కాపర్ టీలో పనిచేసేది రాగి. టీ ఆకారపు ప్లాస్టిక్ కాడకు చుట్టిన తీగ, రెండు చేతులకూ తొడుగులు. 380ఎ రకంలో మొత్తం 380 చదరపు మిల్లీమీటర్ల రాగి. అందులోంచి ఊరే అయాన్లు వీర్యకణాలను అండం దాకా పోనివ్వవు. పదేళ్లు పనిచేస్తుంది. తీయించుకుంటే ఆ నెలలోనే గర్భం రావచ్చు. రక్షణ లేని కలయిక తర్వాత 5 రోజుల్లోపు వేయించుకుంటే అత్యవసర సాధనంగానూ దీన్ని మించింది లేదు.

ఇంత మంచిదాన్ని మూడో నెలకే తీయించేసుకునేవారు ఎందుకుంటున్నారు? మొదటి 3 నుంచి 6 నెలలు బహిష్టు ఎక్కువవుతుందని, కడుపునొప్పి పెరుగుతుందని, ఆ తర్వాత చాలామందికి తగ్గుతుందని ముందే చెప్పేవారు లేక. అల్సర్, కిడ్నీ జబ్బు లేనివారు బహిష్టు మొదలైన రోజు నుంచే భోజనం తర్వాత ఐబుప్రొఫెన్ వేసుకుంటే నొప్పితోపాటు రక్తస్రావమూ తగ్గుతుంది. పారాసిటమాల్ నొప్పికే పనికొస్తుంది. తీవ్రమైన రక్తహీనత ఉంటే అసలు వేసే ముందే ఆలోచించాలి.

ఇక దారం, అంటే కాపర్ టీ కింది కొస నుంచి గర్భాశయ ముఖద్వారం బయటికి వేలాడే పోగు. కాపర్ టీ జారిపోయేది ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లో, అదీ బహిష్టు రోజుల్లో. ఆమెకు తెలియకుండానే పోవచ్చు. అందుకే స్రావం ఆగాక చేతులు కడుక్కుని, గొంతుక్కూర్చుని, మధ్యవేలితో చూసుకోవాలి. ముక్కు కొనలా గట్టిగా తగిలేది గర్భాశయ ముఖద్వారం. అక్కడ సన్నని దారాలు తగలాలి. లాగకూడదు. దారం అందకపోయినా, ఎప్పటికన్నా పొడుగ్గా ఉన్నా, గట్టి ప్లాస్టిక్ తగిలినా డాక్టర్‌కు చూపించుకునేదాకా కండోమ్ వాడాలి.

స్త్రీల కండోమ్ విఫలమయ్యేది చిరిగి కాదు, ఎక్కువగా పక్కకు పోయి. లోపలి రింగును నొక్కి పట్టి ఎంత లోపలికి పోతే అంత తోయాలి, బయటి రింగు బయటే ఉండాలి. పురుషాంగం కండోమ్‌లోకి కాక దానికీ యోని గోడకూ మధ్య దూరిందంటే వేసుకున్నా వేసుకోనట్టే. చేత్తో దారి చూపక తప్పదు. మగవారి కండోమ్‌తో కలిపి వాడకూడదు. అయినా సుఖవ్యాధులను ఆపేవి ఈ రెండు రకాల కండోమ్‌లే, కాపర్ టీ ఆపదు. గర్భాశయ ముఖద్వారాన్ని కప్పే మూతలాంటి డయాఫ్రం వాడేవారు వీర్యకణ నాశిని రాసి పెట్టుకుని, కలయిక తర్వాత కనీసం 6 గంటలు ఉంచాలి, 24 గంటలు దాటనివ్వకూడదు. ఆ నాశినిలోని నోనాక్సినాల్‌-9 తరచూ వాడితే యోని పొర ఒరిసిపోయి హెచ్ఐవీ సోకే ముప్పు పెరుగుతుంది.

బహిష్టు మొదలైన రోజు నుంచి రోజులు లెక్కపెట్టే పద్ధతిలో 8 నుంచి 19వ రోజు దాకా దూరంగా ఉండాలంటారు. ఇది 26 నుంచి 32 రోజులకు క్రమంగా బహిష్టు వచ్చేవారికే. కాన్పయ్యాక బహిష్టు గాడిలో పడేదాకా ఆ లెక్క నమ్మొద్దు. వారానికో గర్భనిరోధక మాత్రగా పేరుపడ్డ సెంట్‌క్రోమాన్‌ను మొదటి 3 నెలలు వారానికి రెండుసార్లు వేసుకోవాలి. అందులో స్టెరాయిడ్ హార్మోన్ లేదు గానీ, అది పనిచేసేది ఒంట్లో ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాల మీదే. ఆ ముక్క దాచకూడదు.

పిల్లలు చాలనుకున్నాక ఆపరేషన్ అనగానే ఆమె పొట్టే ఎందుకు గుర్తొస్తుందో మాకు అర్థం కాదు. మగవారికి చేసే వేసెక్టమీకి చిన్న గాటు, అక్కడి వరకే మత్తు చాలు. 3 నెలలు ఆగి వీర్య పరీక్ష చేయించుకుంటే సరి.

కాపర్ టీ వేసిన ప్రతి చోటా చేతిలో ఒక చీటీ పెట్టాలి: ఏ రకం, వేసిన తేదీ, మార్చాల్సిన ఏడు, మళ్లీ చూపించుకోవాల్సిన రోజు. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, బహిష్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజు దాకా ఆగొద్దని కూడా అందులోనే రాయాలి. చెప్పాల్సినవన్నీ చెప్పాక కూడా తీసేయమని అడిగితే, అడిగిన రోజే తీయాలి.