పెట్టె మీది 525 రెట్లను నమ్మి టెలిస్కోపు కొనవద్దు

టెలిస్కోపు కొనాలనుకుంటున్నామని, ఏది మంచిదో చెప్పమని అనంతపురంలోని మిత్రులు అడిగినప్పుడల్లా నేను మొదట చెప్పేది, పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన ‘525 రెట్లు’ అన్న అంకెను చూసి డబ్బు పెట్టవద్దని. నాలుగేళ్ల కిందట, మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు, నేను ఆ అంకెను నమ్మే కొన్నాను. 70 మిల్లీమీటర్ల కటకం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం (కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం) ఉన్న ఆ గొట్టానికి 4 మిల్లీమీటర్ల ఐపీసు, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కటకం, పెడితే 700ను 4తో భాగించగా 175 రెట్లు వస్తుంది; దానికి, పెంపును మూడింతలు చేసే బార్లో కటకం తగిలిస్తే 525 అవుతుంది. కాగితం మీద లెక్క సరిగానే ఉంది. అయితే కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని రెట్టింపు చేస్తే ఎంత వస్తుందో, దాదాపు అంతవరకే పెంపు పనికి వస్తుంది. అంటే ఇక్కడ 140 రెట్లు. ఆ పైన బొమ్మ పెద్దదవుతుంది కానీ, ఉన్న కాస్త వెలుగూ పలచబడి అంతా మసకగా మారుతుంది.

ఆ రాత్రి మిద్దె మీద గురుగ్రహాన్ని వెతికి పట్టుకోవడానికే అరగంట పట్టింది. ఫోకసు మరను వేలితో తాకితే చాలు, సన్నటి రేకు కాళ్ల స్టాండు వణికి, గ్రహం అటూ ఇటూ ఊగి, చివరికి చూపులోంచే జారిపోయేది. “తెల్ల మచ్చ తప్ప ఏమీ లేదు నాన్నా” అని అమ్మాయి కిందికి దిగిపోయింది. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహపు చందమామలను చూసింది సుమారు 20 రెట్ల టెలిస్కోపుతోనే అన్న సంగతి పెట్టె మీద రాసి ఉంటే, మా అమ్మాయికి ఆ నిరాశ ఉండేది కాదు.

కాబట్టి రెట్లు అడగకండి, కటకం వ్యాసం ఎంత, కటకానికి బదులు అద్దం ఉన్న రకమైతే అద్దం వ్యాసం ఎంత, స్టాండు ఎంత గట్టిది అని అడగండి. 150 మిల్లీమీటర్ల అద్దం 70 మిల్లీమీటర్ల కటకం కంటే నాలుగున్నర రెట్లు ఎక్కువ వెలుగును పోగు చేస్తుంది. ఆ అద్దాన్ని చెక్క పీట మీద కూర్చోబెట్టిన డాబ్సోనియన్ రకమే మనకు తగినదని, రెండేళ్లుగా వాడుతున్న అనుభవంతో చెబుతున్నాను. అమెరికాలో జాన్ డాబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో గొట్టాన్ని తిప్పే మరలు, తూకానికి పెట్టే బరువుగుండ్లు ఉండవు. గొట్టాన్ని చేత్తో నెట్టి, కావలసిన చోట వదిలితే అక్కడే నిలుస్తుంది. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి 25 మిల్లీమీటర్ల ఐపీసు పెడితే వచ్చే 48 రెట్లకే శని వలయం స్పష్టంగా కనిపిస్తుంది.

నాకు దీన్ని అమ్మిన దుకాణదారు, నక్షత్రాల కదలికను అనుసరించి తిరిగే ఈక్వటోరియల్ స్టాండే తీసుకోమని చాలా ఒత్తిడి చేశాడు. అది తిరిగే అక్షాన్ని ధ్రువ నక్షత్రానికి సరిచూసి నిలపాలి. అనంతపురంలో ధ్రువుడు దిగంతానికి సుమారు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మా వీధిలో ఆ చోట వేపచెట్టు ఉంది. పైగా ఆ అక్షాన్ని అంత కిందికి వంచితే చౌక రకాల్లో బరువుగుండు స్టాండు కాలికి తగులుతుంది.

ధ్రువుణ్ణి అంత కిందికి దించిన మన తక్కువ అక్షాంశమే దక్షిణాకాశాన్ని చూడడానికి గొప్ప వరం. లండన్ వాసులకు ఎన్నడూ ఉదయించని ఒమేగా సెంటారీ నక్షత్రగుచ్ఛం వైశాఖ రాత్రుల్లో మనకు దాదాపు 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. పాత గొట్టంలో పొగమరకలా ఉండిన ఆ గుచ్ఛం, మా ఊరి వేరుశనగ చేనులో కొత్త అద్దంలోంచి చూస్తే, చాటలో పోసిన కొర్రల్లాగా గింజ గింజగా విడిపోయి కనిపించింది. ఆ రాత్రి మా అమ్మాయి ఐపీసు వదలలేదు.

ఈ రకానికీ ఇబ్బందులున్నాయి. బైకు మీద తీసుకుపోలేము, అద్దాలను అప్పుడప్పుడూ సరిచేసుకోవాలి, చూడడానికి అరగంట ముందే ఆరుబయట పెట్టి చల్లారనివ్వాలి. ఎండాకాలంలో మిద్దె మీద మాత్రం పెట్టవద్దు. పగలంతా కాగిన కాంక్రీటు బాగా పొద్దుపోయేదాకా వేడి కక్కుతూ ఉంటే, శని వలయం మరిగే నీళ్ల అడుగున ఉన్నట్టు వణుకుతుంది.

అంత డబ్బు ఇప్పుడు లేనివారు చిన్న గొట్టంతో సర్దుకోవద్దు. 10 రెట్ల పెంపు, 50 మిల్లీమీటర్ల కటకాలున్న బైనాక్యులరు ఒకటి తీసుకొని, చేతులు వణకకుండా పిట్టగోడకు మోచేతులు ఆనించి, కృత్తికలతో మొదలుపెట్టండి.