ఆలస్యానికి ఆనవాళ్లా? హవ్వ!

గోదావరి డెల్టాలో ఆలస్యానికి కారణం ఉంటుంది గానీ కారకుడు ఉండడు. ఇది మా మర్యాద. దాళ్వాలో (రెండో పంటకు) శివారు చేలకు నీరందలేదంటే వంతు తప్పిందంటాం. ఎవరు తప్పించారని అడగం. అడిగితే ఎగువ రైతు కాలవ తూములు చూసే లస్కరును చూపిస్తాడు, లస్కరు సెక్షన్ ఆఫీసును చూపిస్తాడు, ఆఫీసువాళ్లు కాలవలోని గుర్రపుడెక్కను చూపిస్తారు. గుర్రపుడెక్క ఎవరినీ చూపించదు. విచారణ సుఖాంతం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఒకే గట్టు మీద ఇన్ని తరాలు పెద్దగా తలలు పగలకుండా బతికాయంటే ఈ ఏర్పాటే కారణమని నా నమ్మకం.

ఇలాంటి నాగరికత మీదికి, కంప్యూటర్లను నడిపే లినక్స్ కెర్నెల్ వాళ్లు, లోపల ఎవరెంత ఆలస్యం చేశారో పేరుతో సహా పట్టిచ్చే ఎఫ్‌ట్రేస్ అనేదాన్ని వదిలారు. తీవ్రంగా ఖండిస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కంప్యూటర్‌కి కెర్నెల్ అంటే మనకు హెడ్‌వర్క్స్ (కాలవలకు నీరొదిలే ఆనకట్ట చోటు) లాంటిది. ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఎవరి వంతు ఎప్పుడో తేల్చేది అదే. ఎఫ్‌ట్రేస్ 2008లో 2.6.27 వెర్షన్‌తో అందులో చేరింది. స్టీవెన్ రోస్టెడ్ అనే ఆయన అప్పట్నుంచీ దాని బాగోగులు చూస్తున్నాడు. కెర్నెల్లో దాదాపు ప్రతి ఫంక్షన్ (ఒక్కో పని చేసే కోడ్ ముక్క) గుమ్మంలోనూ ఏమీ చెయ్యని ఆదేశం ఒకటి కూర్చుని ఉంటుంది. ప్రాసెసరు దాన్ని దాటుకుని పోతుంది, ఖర్చు దాదాపు లేదు. ఇక్కడిదాకా నాకు అభ్యంతరం లేదు, అలాంటి పోస్టులు మన ఆఫీసుల్లోనూ ఉన్నాయి. కానీ ట్రేస్ చెయ్యమనగానే, నడుస్తున్న కెర్నెల్‌ని ఆపకుండానే, ఆ ఖాళీ ఆదేశం స్థానంలో నిజం పిలుపు రాసేస్తారు. ఇక ఎవరొచ్చారు, ఎవరు పంపితే వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, అన్నీ రికార్డే. ఆర్డరు రాగానే లేచి పనిచేసే ఖాళీ పోస్టు! వినడానికే ఎబ్బెట్టుగా లేదూ?

మా మేనల్లుడు అమలాపురంలో ఇంట్లో కూర్చునే ఈ పని చేస్తాడు. వాడి స్క్రీన్ చూస్తే నాకు బీపీ వచ్చింది. ఫంక్షన్ల పేర్లు ఒకదాని లోపల ఒకటి రేవు మెట్లలా దిగుతున్నాయి. ఎడమవైపు ఒక్కోదానికీ పట్టిన సమయం, కొన్నిటి పక్కన గుర్తులు. 10 మైక్రోసెకన్లు (సెకనులో పదిలక్షో వంతులు) దాటితే +, 100 దాటితే !, 1000 దాటితే #. ఇంకా పైకెళ్తే * ఒకటి, @ ఒకటి. ఒక సెకను దాటితే $.

"ఆ పైన?" అన్నాను.

"ఆ పైన గుర్తుల్లేవు మావయ్యా. కెర్నెల్లో సెకనంటే అప్పటికే కొంప మునిగినట్టు."

హెడ్ స్లూయిస్ దగ్గర వదిలిన నీరు శివారుకు ఎన్నాళ్లకొస్తుందో తాతల నాటి నుంచీ ఎరిగిన ఇంట పుట్టినవాడు అనాల్సిన మాటేనా?

అంతటితో ఆగలేదు. చేస్తున్న పని ఆపి ఇటు చూడమని ప్రాసెసరును పిలిచే సంకేతాలను ఇంటరప్ట్‌లంటారు. ఇంటరప్ట్‌లు ఆపేసుకుని ఎవరు ఎక్కువసేపు కూర్చున్నారో పట్టుకోవడానికి వేరే ట్రేసరే ఉందట. మన భాషలో చెప్పాలంటే ఫోన్ స్విచాఫ్ చేసి సీట్లో ఉన్న ఉద్యోగి. అందరి చిట్టా కూడా రాయదు, అన్నిటికన్నా దారుణమైన సందర్భం ఒక్కటే భద్రంగా ఉంచుతుంది. అంతకన్నా దారుణంగా ఎవరైనా కూర్చుంటే పాతది తీసి కొత్తది పెడుతుంది.

"పేరు కూడా తెలిసిపోతుందట్రా?"

"ఎక్కడ ఆపారో, ఎక్కడ వదిలారో కూడా, మావయ్యా."

ఇంక ఊళ్లో ఉండగలమా అండి?

పోనీ ఈ లెక్కలు రాసేవాళ్లు పులు కడిగిన ముత్యాలా? అదీ లేదు. 2008లో 2.6.27ను పరీక్షిస్తున్నవాళ్ల దగ్గర ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డులు చచ్చిపోవడం మొదలైంది. కార్డు లోపలి శాశ్వత మెమరీ చెడిపోతోంది, రీబూట్ చేసినా లేవదు. లోకమంతా కార్డును నడిపే ప్రోగ్రాము, అంటే డ్రైవర్‌ని అనుమానించింది. తీరా దొరికింది, నడుస్తుండగానే ఆదేశాలు మార్చి రాసే ఆ ముక్క, డైనమిక్ ఎఫ్‌ట్రేస్. ఒకప్పుడు కోడ్ ఉన్న చిరునామాలను అది గుర్తుపెట్టుకుంది. ఆ కోడ్ పనైపోయి ఖాళీ చేసింది, అదే చిరునామా కార్డు మెమరీకి దక్కింది. ఎఫ్‌ట్రేస్ పాత పట్టా పట్టుకుని పోయి అక్కడ రాసేసింది. గేజి చూసి రమ్మంటే గట్టుకు గండి కొట్టొచ్చినట్టు.

ఇక్కడ వాళ్లు చేసిన అసలు అప్రతిష్ట పని చెప్పాలి. అలాంటి గండి పడితే మనమైతే ఎలకల కన్నాల మీదికి తోసేస్తాం. వాళ్లు తప్పు తమదేనని బయటపెట్టారు. 2.6.27 వచ్చిన కొద్దిరోజులకే 2.6.27.1 తెచ్చి ఆ ముక్కను మూసేశారు. తర్వాత పద్ధతే మార్చారు. ఎక్కడెక్కడ రాయాలో జాబితా ఇప్పుడు కంపైల్ చేసేటప్పుడే (కోడ్‌ని యంత్రభాషలోకి మార్చేటప్పుడే) తయారవుతుంది. రాసేముందు అక్కడున్నది తను అనుకున్నదేనా అని చదివి చూసుకుంటుంది. కాకపోతే గోలపెట్టి తనను తానే ఆపేసుకుంటుంది. బదిలీ చేయించుకుంటే పోయేదానికి ఇంత చాకిరీ ఎందుకో!

చాకిరీ అంటే గుర్తొచ్చింది. ట్రేస్ రికార్డులో ఒకసారి ఒక గడి చూపించాక మళ్లీ తీసేసే హక్కు కూడా వీళ్లకు లేదు. 2011లో బిగ్ కెర్నెల్ లాక్ అనే పాత తాళాన్ని కెర్నెల్లోంచి తీసేశారు. ట్రేస్ రికార్డులో దాని లెక్క చెప్పే గడి కూడా అనవసరమైంది, తీసేశారు. పవర్‌టాప్ అనే, కరెంటు వాడకం లెక్కచూసే ప్రోగ్రాము తలకిందులైంది. గడులు ఏ వరసలో ఉన్నాయో పక్కనే ఫార్మాట్ ఫైల్లో రాసి ఉన్నా, అది చూడకుండా ఫలానా బైటు దగ్గర ఫలానాది ఉంటుందని గుడ్డిగా చదువుతోంది మరి. తప్పు చదివినవాడిది. శిక్ష రాసినవాడికి పడింది: నడుస్తున్న ప్రోగ్రామును కెర్నెల్ చెడగొట్టకూడదన్నది లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ చట్టం. ఖాళీగా ఉన్నా సరే ఆ గడి మళ్లీ పెట్టారు.

నవ్వకండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. సున్నా వంకరగా ఉందని ఏ ఇంజినీరైనా స్కేలును రెండడుగులు జరిపాడనుకోండి, లంకల్లో వాళ్లు మొదటి హెచ్చరికకే పశువుల్ని తోలుకుని గట్టెక్కేస్తారు. చూపించింది తీయలేని ఈ గొడవ ముందే పసిగట్టినవాడు, కెర్నెల్లో ఫైల్ వ్యవస్థ పైపొర చూసే ఆల్ వీరో. ట్రేస్ రికార్డు కోసం కోడ్‌లో పెట్టే చోట్లను ట్రేస్‌పాయింట్లంటారు. తన ఇలాకాలో ట్రేస్‌పాయింట్లంటే ఆయనకు పడదు. ఆయన ముఖంలో నాకు కోనసీమ పెద్దరికం కనిపించింది.

ఈమధ్య రోస్టెడ్ గారి కన్ను వాడుకలో లేని ట్రేస్ ఈవెంట్ల (ఆ చోట్ల నమోదయ్యే ఘటనల) మీద పడింది. కోడ్‌లో ప్రకటించి ఉంటాయి, ఎవరూ ఎక్కడా పిలవరు, అయినా ఒక్కోటి 5 కిలోబైట్ల దాకా మెమరీ తింటుంది. వాటిని వెతికి 2025లో ఏరివేత మొదలెట్టారు. అయిదు కిలోబైట్ల కోసం! కాలవ పూడిపోయి లేఅవుటు వెలిసిన చోట కూడా మనం తూము పేరు రికార్డులోంచి కొట్టెయ్యలేదు. రేపు మరమ్మతుల బిల్లు ఏ పేరు మీద పెట్టాలి?

ఒక్క విషయం మాత్రం నచ్చింది. రికార్డు రాసే బఫర్ నిండితే మామూలుగా పాతవి చెరిపి కొత్తవి రాస్తుంది. కానీ ఒక ఆప్షన్ సున్నా చేస్తే పాతవి అలాగే ఉంచి కొత్తవాటిని పారేస్తుందట. మా రావిచెట్టు అరుగు నడిచేది ఈ పద్ధతిలోనే. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద నీళ్లు ఎవరింట్లో ఏ మెట్టుదాకా వచ్చాయో ఈరోజుకీ చెబుతాం. నిన్న రాత్రి తూము షట్టరు ఎవరు దించారంటే ఎవరికీ గుర్తులేదు.

కాబట్టి మన కాలవలకు కూడా ట్రేసింగ్ పెట్టించాలని తిరుగుతున్న కుర్రకారుకి నాదొక మధ్యేమార్గం. ఎఫ్‌ట్రేస్‌లోనే 'నాప్' అనే ట్రేసరు ఉంది. అది దేన్నీ ట్రేస్ చెయ్యదు. ఎవరూ ఏమీ మార్చకపోతే ఉండేది అదే. మన గోదావరి మూడు డెల్టాల (తూర్పు, మధ్య, పశ్చిమ) సెక్షన్ ఆఫీసుల్లో దాన్ని పెట్టించడానికి టెండర్లు కూడా అక్కర్లేదు, ఎప్పట్నుంచో అదే నడుస్తోంది.