విప్పాక ప్రతి పొడుపుకథా తేలికే

2013 నవంబరు. అమెరికాలోని టెక్సాస్‌లో మార్షల్ అనే చిన్న ఊరి ఫెడరల్ కోర్టు. సాక్షి బోనులో పొడవాటి తెల్లజుట్టు, గడ్డంతో ఒక పెద్దాయన. సమాచారాన్ని రహస్య రాతగా మార్చే పబ్లిక్ కీ ఎన్‌క్రిప్షన్ గురించి మీకెలా తెలుసని తన వైపు లాయరే అడిగితే, దాన్ని కనిపెట్టింది నేనేనన్నారు. ఆయన విట్‌ఫీల్డ్ డిఫీ. ముందుగా కలుసుకోకుండానే ఇద్దరు ఒక రహస్య కీని, అంటే ఆ రాతను విప్పే తాళంచెవిలాంటి సంకేతాన్ని, ఎలా పంచుకోవచ్చో 1976లో మార్టిన్ హెల్‌మన్‌తో కలిసి లోకానికి చెప్పిన మనిషి. కంప్యూటర్ విడిభాగాలు అమ్మే న్యూఎగ్ కంపెనీ మీద పడ్డ పేటెంటు దావాలో, ఆ కంపెనీ తరఫున అంతటివాడు వచ్చి చెప్పినా జ్యూరీ వినలేదు. న్యూఎగ్ 23 లక్షల డాలర్లు కట్టాలని తేల్చింది.

దావా వేసింది టీక్యూపీ డెవలప్‌మెంట్. సరుకు తయారుచేయదు, అమ్మదు. దాని ఆస్తల్లా మైకేల్ జోన్స్ పేరిట 1995లో వచ్చిన ఒక పేటెంటు. ఫోను లైను మీద డేటా పంపే మోడెముల కాలంనాటి ఆలోచన అది. లైనుకు రెండు చివరలా ఒకే అంకెతో మొదలుపెట్టి ఒకే వరసలో కీలు పుట్టించే జనరేటర్లుంటాయి. ఇన్ని బ్లాకుల డేటా వెళ్లిందనగానే రెండు పక్కలా కీ మారిపోతుంది. కొత్త కీని లైను మీద పంపే పనే లేదు. మంచి ఉపాయమే, కాదనను. కానీ దాన్ని పట్టుకుని, వెబ్‌సైట్లు ఎస్ఎస్ఎల్ అనే భద్రతా పద్ధతితో ఆర్‌సీ4 అనే ఎన్‌క్రిప్షన్ సూత్రాన్ని వాడటం కూడా మా సొత్తేనంటూ వందకు పైగా కంపెనీల మీద పడ్డారు. లాయర్ల ఖర్చుకన్నా ఇదే నయమని చాలామంది ఎంతో కొంత ఇచ్చి వదిలించుకున్నారు.

న్యూఎగ్ మాత్రం ఇందులో కొత్తేముందని అడిగింది. ఆర్‌సీ4ను రాన్ రివెస్ట్ 1987లోనే తయారుచేశారు, లోటస్ నోట్స్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకుంది. ఉన్న ముక్కల్ని కలిపితే ఎవరికైనా తట్టేదేగా, అలాంటిదానికి పేటెంటు చెల్లదుగా?

ఈ 'ఎవరికైనా' దగ్గరే చిక్కంతా. అమెరికా చట్టం అడిగేది మేధావి గురించి కాదు. ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న మనిషికి, ఆ రోజుల్లో, అది తట్టేదా అని. ఆ మనిషి మరమనిషి కాదని, కాస్త సొంత బుర్ర ఉన్నవాడేనని 2007లో కేఎస్ఆర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా జ్యూరీ సభ్యులు జవాబు తెలిశాక పొడుపుకథ వింటున్నవాళ్లు. 'ఓస్, ఇంతేనా' అనిపించడం సహజం. అందుకే ఆ మాట అంత తేలిగ్గా నెగ్గకూడదని చట్టం బరువు పెట్టింది: మంజూరైన పేటెంటు చెల్లదనాలంటే స్పష్టమైన, నమ్మదగ్గ రుజువు కావాలని 2011లో ఐ4ఐ కేసు మళ్లీ ఖాయం చేసింది.

అందుకే, ఈ ఒక్క వాదనకు డిఫీ సరైన సాక్షి కాదని నా అభిప్రాయం. ఆయనకు తట్టిందంటే మామూలు ఇంజనీరుకు తట్టినట్టా? ఇక్కడ కావలసింది జోన్స్ దరఖాస్తు పెట్టిన 1989 ప్రాంతంలో మోడెం కంపెనీలో కూర్చుని, అదే తలనొప్పితో కుస్తీ పట్టిన పేరులేని మనిషి.

డిఫీ కథలోనే ఇంకో మెలిక ఉంది. బ్రిటిష్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్, మాల్కమ్ విలియమ్సన్ 1970 నుంచి 1974 లోపు ఇదే దారి కనుక్కున్నారు. 1997 దాకా బయటికి పొక్కలేదు. ఒకరికొకరు తెలియకుండా రెండు చోట్ల పుట్టింది కాబట్టి తేలిక విషయమే అందామా? అనలేం. వేల ఏళ్లుగా రాయబారులు సంచుల్లో మోసుకెళ్లిన కీల సమస్య అది, విప్పింది వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. కానీ జోన్స్ పేటెంటులాంటి చిన్న మెరుగుదలల విషయంలో, ఒకే కాలంలో వేర్వేరు చోట్ల దగ్గరి పరిష్కారాలు కనిపిస్తే కోర్టులు దానికి ఇంకాస్త విలువివ్వాలి.

2015 జులైలో జడ్జి రాడ్నీ గిల్‌స్ట్రాప్ జ్యూరీ తీర్పును పక్కన పెట్టారు. పేటెంటులో చెప్పినట్టు, ముందే అనుకున్నన్ని బ్లాకులు వెళ్లిన ప్రతిసారీ న్యూఎగ్ వాడిన పద్ధతిలో కీ మారుతోందని రుజువు కాలేదట, అంటే ఉల్లంఘనే లేదు. ఆ పేటెంటు గడువు మాత్రం అంతకు మూడేళ్ల ముందే, 2012లోనే తీరిపోయింది.