గంపగుత్త సాఫ్ట్‌వేర్: బయటికి వచ్చే దారి ఏది?

హైదరాబాద్ చత్తా బజార్‌లో శుభలేఖలు వేసే ఏ దుకాణంలోనైనా అరగంట కూర్చుంటే విడివిడి సాఫ్ట్‌వేర్ల బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. తెలుగు మాటర్‌ను అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కొడతారు, వినాయకుడి బొమ్మనూ అంచులనూ కోరల్‌డ్రాలో దిద్దుతారు, వధూవరుల ఫొటో ఉంటే ఫొటోషాప్‌లో సరిచేస్తారు. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 2001లో వచ్చింది. అయినా ఆపరేటర్ చేతివేళ్లకు అది అలవాటైన పనిముట్టు కాబట్టి వదలడు, వదలనక్కర్లేదు కూడా. చిక్కంతా అతుకుల దగ్గరే. అను ఫాంట్లలో కొట్టిన ముహూర్తం పేరాను కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే, ఆ ఫాంట్లు అన్ని పరికరాలూ గుర్తించే యూనికోడ్ అనే అక్షర సంకేతాలను వాడనందున, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. అందుకే ప్రూఫును బొమ్మగా పంపుతారు. పెళ్లివారు తప్పులు చుట్టి తిప్పి పంపుతారు. ఆపరేటర్ ఆ మాటలన్నీ మళ్లీ కొట్టుకుంటాడు.

ఈ అతుకులను కనబడకుండా చేస్తామన్నదే సూట్ల, అంటే పలు ప్రోగ్రాములను ఒకే కట్టగా ఇచ్చే గంపగుత్త సాఫ్ట్‌వేర్ల, వాగ్దానం. రాతకు వర్డ్‌స్టార్, లెక్కల పట్టికలకు లోటస్ 1-2-3 వాడిన రోజుల్లో ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో రకం మీటలు నేర్చుకోవాల్సి వచ్చేది. 1989లో మాక్ కంప్యూటర్లకు, 1990లో విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ వచ్చాక వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఒకే పెట్టెలో చేరాయి. ఆ తర్వాత ఎక్సెల్‌లో అంకె మారిస్తే వర్డ్‌లో అతికించిన పట్టిక కూడా మారే ఏర్పాటు అందులో కుదిరింది. నలుగురు పనిచేసే చిన్న ఆఫీసుకు ఒకే చెల్లింపు, ఒకే లాగిన్ అంటే ఎంత ఊరటో, వాటిని వేర్వేరుగా చూసుకున్నవాళ్లకు తెలుసు.

అయితే గంపగుత్తగా కొన్నప్పుడు గంప అడుగున ఏముందో ఎవరూ చూడరు. 2017లో మైక్రోసాఫ్ట్ వారి మీటింగులు, చాటింగుల ప్రోగ్రాము టీమ్స్, ఆఫీస్ చందాతో కలిసి వచ్చింది. ఇది పోటీని దెబ్బతీస్తోందని 2020లో దాని పోటీదారు స్లాక్, యూరోపియన్ యూనియన్‌లో పోటీ నియమాలను చూసే యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే, కమిషన్ 2023లో విచారణ ప్రారంభించింది, 2025లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన హామీలను అంగీకరించింది. టీమ్స్ మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. ఎంచుకునే పని వాడేవాడి చేతిలోంచి జారిపోవడమే నాకు కష్టంగా తోస్తుంది.

అంతకంటే పెద్ద కష్టం గంపలోంచి బయటపడేటప్పుడు ఎదురవుతుంది. నల్లకుంటలో మా బావగారికి చిన్న ఆడిటింగ్ ఆఫీసు ఉంది. బిల్లులు, క్లయింట్ల వివరాలు, గడువు తేదీల రిమైండర్లు, సిబ్బంది హాజరు అన్నీ ఒక్కచోటే ఉండే సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. రెండేళ్లు హాయిగా నడిచింది. చందా పెంచినప్పుడు మానేద్దామనుకుంటే, క్లయింట్ల జాబితా పీడీఎఫ్‌గా తప్ప మరో రూపంలో బయటికి రాలేదు. ఇద్దరు గుమాస్తాలు పదకొండు రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించారు. జీఎస్టీ నంబరులో పదిహేను అక్షరాలుంటాయి, ఒక్కటి తప్పినా పోర్టల్ ఒప్పుకోదు. ఒకరు చదువుతుంటే ఒకరు వేలు పెట్టి సరిచూడటం నేను కళ్లారా చూశాను.

కాబట్టి సూటా, విడి ప్రోగ్రామా అన్న వాదన దగ్గరే ఆగిపోతే అసలు విషయం మరుగున పడుతుంది. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి చీలి వచ్చిన లిబ్రేఆఫీస్ కూడా సూటే, కానీ అది ఫైళ్లను భద్రపరిచే ఓడీఎఫ్ అనే ఫైలు రూపం 2006లోనే ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణమైంది కనుక ఆ ఫైలును మరో ప్రోగ్రామూ తెరవగలదు. విడి ప్రోగ్రామైనా తన ఫైలును తనలోనే బిగించుకుంటే అదీ బోనే. నా మట్టుకు మెయిలు, క్యాలెండరు, మీటింగుల వంటివి గంపగుత్తగా తీసుకున్నా నష్టం లేదు. ఆఫీసుకు అన్నం పెట్టే పనికి మాత్రం, ఆడిటర్‌కు లెక్కలైనా ముద్రాపకుడికి పేజీ అమరికైనా, విడి పనిముట్టే ఉండాలి, అందులోని సమాచారం యూనికోడ్‌లోనో, ఏ ప్రోగ్రామైనా చదవగల సీఎస్‌వీ అనే సాదా పట్టిక ఫైలులోనో ఏ రోజు కావాలంటే ఆ రోజు చేతికి రావాలి.

మొన్న అమీర్‌పేట నుంచి ఒక కుర్రాడు కొత్త సాఫ్ట్‌వేర్ డెమో ఇవ్వడానికి బావగారి దగ్గరికి వచ్చాడు. ఆయన అతణ్ని రంగుల డాష్‌బోర్డు దాకా వెళ్లనివ్వలేదు. "ముందు పదిమంది క్లయింట్లను ఎక్కించు బాబూ, తర్వాత వాళ్లను ఎక్సెల్‌లోకి దించి చూపించు" అన్నారు. ఆ ఫైలు తెరుచుకుని, జీఎస్టీ నంబర్లు పదీ సరిపోయాకే ధర అడిగారు.